పాత పేపర్ ఫోటోతో గ్రూప్ పోర్ట్రెయిట్ చెయ్యాలంటే: ముఖాలు కనపడనప్పుడు సంగతేంది?

నీ ప్రశ్న మొత్తం చదివా పాపా. నాకు అర్థమైంది ఇదీ. 1992లో మీ ఊళ్ళో సారా కొట్టు మూయించాలని ఆడవాళ్ళు దాని ముందర కూర్చున్నప్పుడు తీసిన ఫోటో ఒకటి పేపర్లో పడింది, ఆ కటింగ్ ఒక్కటే మీ ఇంట్లో మిగిలింది, అందులో ఇరవై మంది దాకా ఉండారు, ముందు వరసలో మీ అవ్వ. దాన్ని పట్టుకుని 6 అడుగులు బై 4 అడుగుల మిక్స్‌డ్ మీడియా బొమ్మ, అంటే రకరకాల మెటీరియల్ ఒకే బోర్డు మీద కలిపి చేసే బొమ్మ, చేసి పొదుపు సంఘం బిల్డింగులో పెట్టాలి. ముఖాలు సరిగ్గా కనపడట్లేదు కాబట్టి ఎవరో చెప్పినట్టు ఏఐ యాప్‌లో వేసి క్లియర్ చేయించి, ఫ్లెక్స్ షాపులో పెద్ద ప్రింట్ తీయించి, దాని మీద పెయింటు, గుడ్డముక్కలు, పేపర్ ముక్కలు అతికిస్తే సరిపోద్దా అన్నావు. మీ అవ్వ చెల్లెలు ఆ రోజు అక్కడే ఉన్నా ఫోటోలో పడలేదంట, ఆమెని కూడా కలపొచ్చా అనేది రెండోది.

పొట్టి జవాబు ముందే చెప్తా. ఏఐ వద్దు, ఫ్లెక్స్ అసలే వద్దు, చెల్లెల్ని కలపొచ్చు గానీ నువ్వనుకున్నట్టు కాదు. ఎందుకో ఇప్పుడు పొడుగ్గా చెప్తా, నేను హైస్కూలు డ్రాయింగ్ మాష్టార్ని, వివరంగా చెప్పకుండా ఉండలేను, ఓపిక చేసుకో.

ముందు ఆ కటింగ్‌లో ఎంత సరుకు ఉందో లెక్క చూడు. పేపర్లో ఫోటో అంటే అసలు ఫోటో కాదు, చుక్కలు. భూతద్దం పెట్టి చూస్తే తెలుస్తది, నల్లగా ఉన్నకాడ పెద్ద చుక్కలు, తెల్లగా ఉన్నకాడ చిన్న చుక్కలు. కటింగ్ వెడల్పు 6 అంగుళాలు, అంగుళానికి 85 వరసల చుక్కలు అనుకుందాం, అంటే అడ్డంగా మొత్తం 510 చుక్కలు. అంతే, అంతకు మించి అందులో ఏం లేదు. దాన్ని 6 అడుగులకి సాగదీస్తే ఒక్కో చుక్క మూడున్నర మిల్లీమీటర్లు అవుద్ది, శనగబద్దంత. ముందు వరసలో మీ అవ్వ ముఖానికి అడ్డంగా ఓ పాతిక చుక్కలు పడితే పడొచ్చు, వెనక నిలబడ్డవాళ్ళకి ఎనిమిదో తొమ్మిదో. తొమ్మిది చుక్కల్లో కన్ను ఉండదు, ముక్కు ఉండదు. నుదురు వెలుగు, కళ్ళ కింద నీడ, తల మీద కొంగు ఉందా లేదా, తల ఎటు తిప్పింది, ఇంతవరకే ఉంటది.

ఇప్పుడు ఏఐ యాప్‌లో వేశావనుకో, అది ఆ తొమ్మిది చుక్కల నుంచి కనురెప్పల వెంట్రుకలతో సహా తీసి చూపిస్తది. అవి యాడ నుంచి వచ్చినాయి? అది ఇదివరకు చూసిన వేరే ఎవరెవరి ముఖాల్లోంచో వచ్చినాయి. తేటగా ఉన్న ఆ ముఖం ఎవరిదీ కాదు. రేపు ఆ బొమ్మ బిల్డింగులో పెట్టినాక ఒక ముసలామె వచ్చి నేనేనా ఇది అని అడిగితే ఏం చెప్తావు? ఊళ్ళో ఇరవై ఇళ్ళవాళ్ళు వచ్చి మా అమ్మ ఏది, మా అత్త ఏది అని వెతుక్కునే బొమ్మ ఇది. ఫోటోకి తెలియని సంగతి ఫోటో నోట చెప్పించకూడదు, నేను చెప్పేదంతా దీని చుట్టూనే తిరుగుద్ది. ఫోటోకి తెలిసింది ఫోటోతో చెప్పు. దానికి తెలియంది వేరే మెటీరియల్‌తో చెప్పు, అది వేరే అని చూసేవాళ్ళకి కనపడేటట్టు చెప్పు. మిక్స్‌డ్ మీడియా అనేది ఈ పనికి భలే కుదురుద్ది, ఎందుకంటే అందులో ఒకే బోర్డు మీద ఏది ఎక్కడి నుంచి వచ్చిందో దాచాల్సిన పని లేదు.

బొమ్మ మొదలుపెట్టే ముందు చేయాల్సిన పని, ఫోటో తీసినాయన్ని వెతకడం. కటింగ్ కింద పేరు లేకపోయినా 92లో మన నెల్లూరు జిల్లాలో తిరిగిన ప్రెస్ ఫోటోగ్రాఫర్లు కొద్దిమందే, కావలి, నెల్లూరులో పాత విలేకర్లని అడిగితే ఫలానా ఆయన అయ్యుంటాడని చెప్పేస్తారు. నెల్లూరు డీపీఆర్వో (జిల్లా పౌరసంబంధాల అధికారి) ఆఫీసులో కూడా అడుగు, పాత ఆల్బమ్‌లు ఉంటే ఉండొచ్చు. ఎందుకంటే నెగెటివ్ దొరికిందనుకో కథే మారిపోద్ది, 35 ఎంఎం నెగెటివ్‌లో పేపర్ కటింగ్ కంటే ఎన్నో రెట్లు ఎక్కువ వివరం ఉంటది, వెనక వరస ముఖాలు కూడా తేలతాయి. రెండోది పర్మిషన్. ఫోటో 1992ది కాబట్టి కాపీరైట్ ఖాయంగా ఉంది, మన 1957 చట్టం ప్రకారం ఫోటోకి ఇప్పుడు తీసినాయన బతికినంత కాలం, పోయినాక ఇంకో 60 ఏళ్ళు. ఇక్కడ చాలామందికి తెలియని ముక్క ఒకటి ఉంది. పేపర్లో జీతానికి పనిచేసే ఆయన తీసిన ఫోటో అయితే పేపర్లో అచ్చు వేసుకునే హక్కు పేపర్ వాళ్ళది, మిగతా వాటికి, వేరే ఒప్పందం రాసుకోకపోతే, హక్కు ఫోటోగ్రాఫర్‌దే అని 17వ సెక్షన్ చెప్తది. అందుకని ఇద్దరినీ అడిగి ఒక పేజీ ఉత్తరం రాయించుకో. పెయింటింగ్ వేశాం కదా, మార్చేశాం కదా, ఇంక మనదే అనుకోవద్దు. అమెరికాలో ప్రిన్స్ అనే పాటగాడి ఫోటో మీద ఆండీ వార్హోల్ అనే పేరున్న చిత్రకారుడు వేసిన బొమ్మ గురించి ఇట్టాంటి తగాదానే సుప్రీంకోర్టు దాకా పోయింది, 2023లో తీర్పు ఫోటో తీసిన ఆమె వైపే వచ్చింది. వాళ్ళ చట్టం వేరు, మన చట్టం వేరు, అయినా ఇంత పేరున్న బొమ్మకే తప్పలేదని చెప్తున్నా. మనకాడ ప్రెస్ ఫోటోగ్రాఫర్లు అడిగితే కాదనరు, అడగకపోతేనే కోపం. బొమ్మ పక్కన ఆయన పేరు రాస్తానని కూడా చెప్పు.

పర్మిషన్ ఫోటోగ్రాఫర్ దగ్గరే అయిపోదు, ఫోటోలో ఉన్నవాళ్ళ సంగతి చూడు. 1936లో కాలిఫోర్నియాలో డొరొతియా లాంజ్ ఒక వలస కూలీ తల్లిని ఫోటో తీసింది, పిల్లలు భుజం మీద ముఖం దాచుకుని ఉంటారు, నువ్వు చూసే ఉంటావు. ప్రపంచమంతా చూసిన ఆ తల్లి పేరు 1978 దాకా జనానికి తెలియదు, తెలిసినాక ఆమె ఏమందంటే ఆ ఫోటో తీయకుండా ఉంటే బాగుండేదని. మీ ఊళ్ళో అంత దూరం రానీకు. బతికున్నవాళ్ళ ఇళ్ళకి, పోయినవాళ్ళ పిల్లల ఇళ్ళకి ఆ కటింగ్ జిరాక్స్ పట్టుకుని పో. ఎవరు ఎవరో ఒక తెల్లకాగితం మీద బొమ్మ గీసి నంబర్లు వేసుకో. మా అమ్మ అందులో వద్దు అనేవాళ్ళు ఒకరిద్దరు ఉంటారు, తాగుబోతు మొగుడి గొడవ మళ్ళీ ఎందుకు తవ్వడం అంటారు. వాళ్ళని ఒప్పించే పని పెట్టుకోకు, ఆ మనిషిని ఆకారం వరకే ఉంచు, ముఖం వద్దు. ఇంకోటి, అంచున నిలబడ్డవాళ్ళు ఎవరు, ఎందుకు అంచునే నిలబడ్డారు అని కూడా అడుగు, ఆ జవాబు ఊళ్ళో అందరూ ఒకేలాగా చెప్పరు, నువ్వు విని ఊరుకో, కానీ బొమ్మలో వాళ్ళని కోసెయ్యకు. ఫ్రేముకి సరిపోలేదని చివరి ఇద్దర్ని కత్తిరించడం నేను ఎక్కడెక్కడో చూశా, ఆ ఇద్దరు ఎప్పుడూ ఒకే పేట వాళ్ళవుతారు.

ఆ ఇళ్ళలో కూర్చున్నప్పుడు అడగాల్సిన ప్రశ్న ఒకటి ఉంది, ఆ రోజు ఏ చీర కట్టుకున్నావు అని. నవ్వుతారు గానీ చెప్తారు. ఫోటో నలుపు తెలుపు కదా, రంగు అందులో లేదు, అది మనుషుల దగ్గరే ఉంది. ఉదయగిరి వైపు ఒక ఊళ్ళో నేను ఇట్టాగే అడిగితే అక్కాచెల్లెళ్ళిద్దరు అది ఆకుపచ్చ వాయిలు చీర కాదు నీలం నైలెక్స్ చీర అని నా ముందే కొట్లాడుకున్నారు, చివరికి పెద్దామె, అది నీది కాదే నా చీరే, నువ్వు అడగకుండా కట్టుకుపోయావు అంది. అట్టాంటి తగాదా వచ్చినప్పుడు రెండు రంగులూ వేస్తే పోద్ది, బొమ్మలో చోటుంది.

ఇక పనిలోకి వద్దాం.

స్కానింగ్: కటింగ్‌ని ఫోన్‌తో ఫోటో తీయకు, స్కానర్‌లో 600 డీపీఐకి తగ్గకుండా గ్రేస్కేల్‌లో తీయించు. కటింగ్ వెనక నల్ల కాగితం పెట్టమని చెప్పు, లేకపోతే వెనక పేజీ అక్షరాలు ముందుకి కనపడతాయి, తెల్ల మూత అక్షరాలని ఇంకా ఎత్తి చూపిస్తది. డీస్క్రీన్ అని ఒక ఆప్షన్ ఉంటది, చుక్కల్ని కలిపి నున్నగా చేస్తది, అది ఆపెయ్యమను, మనకి చుక్కలే కావాలి. అసలు కటింగ్‌ని మాత్రం బోర్డు మీద అతికించే ఆలోచన ఉంటే ఇప్పుడే మానుకో. న్యూస్ పేపర్లో చెక్క గుజ్జు లిగ్నిన్ అట్టాగే ఉంటది, ఎండకి గాలికి పసుపెక్కి పెళుసుబారిపోద్ది. స్కాన్ అయినాక దాన్ని ఆసిడ్ లేని కాగితంలో మడత పెట్టకుండా దాచు. పాత పేపర్ హెడ్డింగులు బ్యాక్‌గ్రౌండ్ నిండా అంటిస్తానన్నావు, అది కూడా వద్దు, ఒక కారణం ఇదే, ఇంకో కారణం అందరూ చేసేదదే. కొలాజ్, అంటే ముక్కలు అతికించి చేసే బొమ్మ, అనగానే పేపర్ హెడ్డింగులు, సారా అనగానే సీసా బొమ్మ.

బోర్డు: 12 ఎంఎం వాటర్‌ప్రూఫ్ ప్లైవుడ్ తీసుకో, 6 బై 4 ఒకే ముక్క కాకుండా 3 బై 4 రెండు ముక్కలు. మొత్తం ఒకటే అయితే పదిహేను కిలోలు దాటుద్ది, మేడ మెట్లు ఎక్కించేటప్పుడు తిట్టుకుంటావు, రెండయితే ఆటోలో పోతాయి. జాయింటు ఎవరి ముఖం మీదా పడకుండా ముందే గీత గీసి చూసుకో. వెనక వైపు రీపర్లు కొట్టించి, ముందూ వెనకా రెండు వైపులా ప్రైమర్ వెయ్యి, ఒక వైపే వేస్తే మన సముద్రపు గాలికి అప్పడంలా వంగిపోద్ది. ముందువైపు గెస్సో, అంటే రంగు పట్టడానికి ముందు వేసే తెల్ల పూత, రెండు కోట్లు, మధ్యలో 220 నంబర్ ఎమెరీ పేపర్ పట్టించు. ఫ్లెక్స్ ఎందుకు వద్దన్నానంటే దాని మీద పీవీసీ పూత ఉంటది, ఎక్రిలిక్ గానీ ఫెవికాల్ గానీ గట్టిగా పట్టదు, ఎండాకాలం రెండు గడిచేసరికి పొరలు పొరలుగా లేస్తది.

గుంపుని గీయడం గురించి కాస్త ఎక్కువ చెప్తా, ఎందుకంటే అందరూ ఇక్కడే ముఖాల వెంట పడిపోతారు. గ్రూప్ పోర్ట్రెయిట్ అంటే ఇరవై పాస్‌పోర్ట్ ఫోటోలు పక్కపక్కన పేర్చడం కాదు. ముందు కళ్ళు చిట్లించి చూడు, ముఖాలన్నీ పోయి ఒక పెద్ద నల్లటి ఆకారం మిగులుద్ది, పైన తలల వరస కొండ అంచులాగా ఎగుడుదిగుడుగా. ఆ ఒక్క ఆకారాన్ని చిన్న కాగితాల మీద గీసి గీసి అరిగిపోయేదాకా గీయి. తర్వాత మనుషుల మధ్య ఖాళీలు చూడు. ఎవరి భుజం ఎవరికి తగిలింది, ఎవరి చెయ్యి పక్కామె మోకాలి మీద ఉంది, చంకలో పిల్లోడు ఎవరికి ఉన్నాడు, చీపురు ఎవరి చేతిలో. సారా ఉద్యమంలో ఆడవాళ్ళు చీపుర్లు, కారంపొడి పట్టుకుని కొట్ల మీదకి పోయారని అందరం విన్నాం, కానీ నీ ఫోటోలో అవి కనపడితేనే వెయ్యి, లేకపోతే కథ కోసం చేతిలో పెట్టకు. నువ్వు పెట్టిన కటింగ్‌లో నాకు నచ్చింది ఏందంటే ఎడమ వైపు మూడో ఆమె కెమెరా వైపు చూడట్లేదు, పక్కకి, కొట్టు తలుపు వైపు చూస్తోంది. మిగతా అందరూ ఫోటోగ్రాఫర్‌ని చూస్తుంటే ఆమె ఒక్కతే ఇంకా కాపలా కాస్తోంది. బొమ్మ అంతా ఆ చూపు మీద నిలబెట్టొచ్చు. రెంబ్రాంట్ అనే డచ్ చిత్రకారుడు 1642లో ఆమ్‌స్టర్‌డామ్‌లో కాపలా దళం వాళ్ళని వేసినప్పుడు కూడా అందర్నీ వరసలో నిలబెట్టలేదు, తలా ఒక వైపు కదులుతుంటారు, ఎవరెవరో తెలియడానికి 18 మంది పేర్లు తర్వాత ఒక డాలు మీద రాశారు. పేర్ల సంగతికి మళ్ళీ వస్తా.

ఫోటోగ్రాఫర్ వాళ్ళకి దగ్గరగా నిలబడి, ఎక్కువ వెడల్పు పట్టే వైడ్ లెన్సుతో తీసి ఉంటాడు, అందుకే చివరన ఉన్నవాళ్ళు అడ్డంగా సాగి కొంచెం లావుగా కనపడతారు. చివరివాళ్ళకి ఆ సాగుడు కొంచెం తగ్గించి గీయి, అది వాళ్ళ ఒళ్ళు కాదు, లెన్సు చేసిన పని. ఇంకో మాట, మీ అవ్వని పెద్దగా చేసి నడిమధ్యలోకి జరపాలనిపిస్తది, నాకు తెలుసు. జరపకు. బొమ్మ మీ ఇంట్లో పెట్టేదయితే నీ ఇష్టం, సంఘం బిల్డింగులో పెట్టేది కదా.

గళ్ళు గీసి పెద్దది చేసుకో, 6 బై 4కి అరడుగు గళ్ళయితే అడ్డం 12, నిలువు 8. ప్రొజెక్టర్ ఉంటే ఇంకా తేలిక గానీ గళ్ళు గీస్తే చెయ్యి ఫోటోని చదువుద్ది. బొగ్గుతో గీయి.

ఇప్పుడు ఏ మెటీరియల్‌కి ఏ పని అనేది. ఫోటోకి తెలిసిన ముఖాలు, అంటే ముందు వరసలో ఓ అయిదారుగురు, వీళ్ళకి ఫోటోనే బోర్డు మీదకి దించు. దానికి కావాల్సింది లేజర్ ప్రింట్ లేదా జిరాక్స్, మామూలు కాగితం మీద, పొడి ఇంకుతో వచ్చేది. ఇంట్లో వాడే ఇంక్‌జెట్ ప్రింట్ పనికిరాదు, తడి తగిలితే కారిపోద్ది, అనుమానం ఉంటే వేలు తడి చేసి రుద్ది చూడు. అద్దంలో చూసినట్టు తిప్పి ప్రింట్ తీయించాలి, ఇది మర్చిపోకు, ఎందుకంటే కాగితం బోర్లా వేసి దించుతాం. తిప్పకుండా దించావంటే ఎడమ భుజం మీద ఉండాల్సిన పైట అందరికీ కుడి భుజం మీదకి పోద్ది, చూసిన ఏ ఆడమనిషైనా ఒక్క క్షణంలో పట్టేస్తది. ఎక్రిలిక్ జెల్ మీడియం, అంటే రంగు లేని చిక్కటి ఎక్రిలిక్ జిగురు, బోర్డు మీద దోసె పిండి కంటే పల్చగా కాదు, కొంచెం మందంగా రాసి, ప్రింటు బోర్లా పరిచి, పాత ఏటీఎం కార్డుతో మధ్య నుంచి బయటికి గాలి బుడగలు లేకుండా తోసెయ్యి. ఒక రాత్రి అంతా ఆరనీ, వానాకాలమైతే ఇంకో రోజు. తర్వాత స్పాంజితో తడిపి వేలి కొసతో గుండ్రంగా రుద్దితే కాగితం పీచు పీచుగా ఊడి వస్తది, కింద నల్ల చుక్కలు మిగులుతాయి. ఒకేసారి మొత్తం ఊడబీకాలని చూడకు, గోరు అసలు తగలనీకు, తడిపి రుద్ది, ఆరబెట్టి, మళ్ళీ తడిపి రుద్ది. ఆరినాక తెల్లటి పొగలాగా ఒకటి మిగులుద్ది, అది కాగితం పీచే, పైన పల్చగా మీడియం ఒక కోటు వేస్తే మాయమైపోద్ది. అక్కడక్కడ చుక్కలు లేచిపోయి బోర్డు కనపడుద్ది, దిద్దకు, పాత ఫోటో అట్టాగే ఉంటది. ముఖాల వరకే దించు, ఏ3 షీట్లతో బోర్డు మొత్తం దించాలంటే ఇరవైకి పైనే షీట్లు పడతాయి, అంత అవసరం లేదు.

వెనక వరస తొమ్మిది చుక్కల ముఖాలకి బొగ్గు. నుదుటి వెలుగు, కళ్ళ కింద నీడ, అంతే, ఆపెయ్యి. వాళ్ళ ఇళ్ళలో వేరే ఫోటోలు, పెళ్ళి ఫోటోనో రేషన్ కార్డు మీద ఫోటోనో దొరికితే అప్పుడు పెన్సిల్‌తో తేటగా గీయొచ్చు, అది ఈ ఫోటోలోది కాదని గీత మారడం వల్లే తెలుస్తది. బొగ్గు మీద ఫిక్సేటివ్, అంటే బొగ్గు రాలకుండా పట్టి ఉంచే స్ప్రే, కొట్టకుండా తడి మీడియం రాస్తే బురద అయిపోద్ది, ముందు స్ప్రే, తర్వాతే ఏదైనా.

రంగు అంతా చీరలకి వదిలెయ్యి, పెయింటుతో కాదు, గుడ్డతో. పాత నూలు చీరలు, వాయిలు చీరలు బాగా అతుకుతాయి, గంజి పోయేదాకా ఉతికి, తడి తెల్లగుడ్డతో అద్ది రంగు దిగుతుందేమో చూసుకో. నైలెక్స్, పాలిస్టర్ గమ్ము పీల్చుకోదు, వెనక సన్న నూలుగుడ్డ అతికించి అప్పుడు వాడాలి. ఆ ఇళ్ళలో అడిగితే పాత చీర ముక్క ఇస్తారు, కొందరు కొత్త చీర తీసుకొస్తారు మా అమ్మకి ఇది పెట్టు అని, మర్యాదగా వద్దను, పాతదే అడుగు. మెడ దగ్గర, చంక దగ్గర మడత ఎట్టా పడిందో ఫోటో చూసి గుడ్డని నిజంగానే అట్టా మడిచి అతికించు, కత్తిరించి చదునుగా అంటించకు. మీడియంలో గుడ్డ ముంచి పరిస్తే ఆరినాక మడతలు గట్టిపడి నిలబడతాయి. మైదా పేస్టు మాత్రం వద్దు, పుస్తకాలు కుట్టేవాళ్ళు మైలుతుత్తం కలిపి వాడతారు గానీ మన తేమకి బూజు పడుద్ది, పురుగు వస్తది. పెద్ద బొట్టు, ఎర్ర అంచు, ముక్కుపుడక మెరుపు, ఇట్టా క్యాలెండర్ అలంకారం ఎవరికీ చేయకు, వాళ్ళు పనిలోంచి లేచి వచ్చి కూర్చున్నవాళ్ళు.

పలకలు. ఇది నా సలహా, నచ్చితే తీసుకో. మన జిల్లాలో సారా మీద ఆడవాళ్ళు లేవడానికి అక్షరాస్యత ఉద్యమం ఒక కారణం అని నీకు మీ అవ్వ చెప్పే ఉంటది, రాత్రిపూట వయోజన కేంద్రాల్లో కూర్చుని చదువుకున్న పాఠంలోంచే దూబగుంట అనే ఊరి ఆడవాళ్ళకి కొట్టు మూయించాలనే పట్టుదల వచ్చింది. అక్కడ మొదలై, వేలంపాటలు ఆగి, 1993 ఏప్రిల్‌లో మన జిల్లాలో, అక్టోబర్ 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. ఈ చదువు సంగతి నీ ఫోటోలో యాడా కనపడదు. కాబట్టి సీసా బొమ్మ బదులు పలక పెట్టు. మార్కాపురం పలక, నిజమైన రాయిది, చెక్క ఫ్రేము తీసేసి, ఉలి అంచు పెట్టి మెల్లగా తడితే పొరలుగా చీలుద్ది. బొమ్మ కింద అంచు పొడుగునా, వాళ్ళు కూర్చున్న నేల ఉన్నచోట, ఆ పలక ముక్కలు పరుచు. బరువు కాబట్టి ఫెవికాల్ సరిపోదు, అరాల్డైట్ పెట్టు, అతికించే చోట గెస్సో గీకేసి చెక్క కనపడనియ్యి. బతికున్న ఆడవాళ్ళ చేత వాళ్ళ పేర్లు వాళ్ళనే రాయించు, బలపంతో రాస్తే చెయ్యి తగిలితే పోద్ది, ముందు బలపంతో రాయించి దాని మీదే మేకుతో గీకించు, రాయి మీద బూడిద రంగు గీత పడి అట్టాగే ఉంటది. అతికించక ముందే రాయించు, తర్వాత బోర్డు మీద వంగి రాయలేరు పెద్దవాళ్ళు. వంకరగా వచ్చినా, దీర్ఘం తప్పినా సరే దిద్దొద్దు. పోయినవాళ్ళ పేర్లు పిల్లలు రాస్తారా, ఖాళీ పలక వదిలేస్తారా అనేది ఆ ఇళ్ళవాళ్ళనే తేల్చుకోమను. ఫోటోగ్రాఫర్ పేరు కూడా చివరన ఒక చిన్న ముక్క మీద.

ఇక మీ చిన్నవ్వ. ఆమె అక్కడ ఉంది, కెమెరా ముందు లేదు. వేరే ఫోటో నుంచి ఆమె ముఖం కోసి వరసలో ఇరికిస్తే, చూసేవాళ్ళు ఫోటోలోనే ఉందనుకుంటారు, అది నాకు ఇష్టం లేదు. ఆమెకి మైకా పెట్టి చూడు. గూడూరు, సైదాపురం వైపు మైకా గనుల నుంచి వచ్చే కాకిబంగారం రేకులు నువ్వు చిన్నప్పుడు ఆడుకునే ఉంటావు, తేటగా అద్దంలాగా పొరలు పొరలుగా వస్తాయి. ఈస్టిండియా కంపెనీ వాళ్ళ కాలంలో తిరుచిరాపల్లిలో, ముర్షిదాబాద్‌లో, పాట్నాలో మైకా రేకుల మీద చిన్న బొమ్మలు వేసి దొరలకి అమ్మేవాళ్ళు. కొన్ని సెట్లలో ఒక అట్ట మీద ముఖం ఒక్కటే ఉంటది, ఒంటి మీద బట్టలు మాత్రం గీసిన మైకా రేకులు దాని మీద ఒక్కొక్కటి పెట్టుకుంటూ పోతే ఆ ముఖమే ఒకసారి సిపాయి అవుద్ది, ఒకసారి బంట్రోతు అవుద్ది. నువ్వు దాన్ని తిరగేసుకో. మైకా మీద సన్న గీతలతో మీ చిన్నవ్వ ఆకారం గీసి, బోర్డుకి అతికించకుండా, నాలుగు మూలలా చిన్న ఇత్తడి స్క్రూలు పెట్టి ఒక సెంటీమీటరు ఎత్తున నిలబెట్టు. అప్పుడు ఆమె గుంపు ముందర ఉంటది, ఆమెలోంచి వెనకవాళ్ళు కనపడతారు, పక్క నుంచి లైటు పడితే నీడ వాళ్ళ మీద పడుద్ది. పెద్ద రేకు దొరకడం కష్టం, దొరికినా ఖరీదు, అరచేతి సైజు రేకులు మూడు నాలుగు పక్కపక్కన పెట్టినా చాలు. మైకా నున్నగా ఉంటది, రంగు పట్టదు, ఆ పాత బొమ్మల్లో కూడా రంగు పెచ్చులు లేచిపోతుంటది, అందుకని స్పిరిట్‌తో తుడిచి పల్చగా ఎక్రిలిక్ ఇంకుతో గీయి, లావుగా రంగు పూయకు. స్క్రూకి రంధ్రం సన్న డ్రిల్లుతో మెల్లగా, వెనక చెక్క పెట్టి, లేకపోతే పొరలు విచ్చిపోతాయి. మైకా మెరుస్తది కదా అని ఇంక యాడా చల్లకు, గాజుల మీద, ఆకాశం మీద. ఆమె ఒక్కదానికే.

ఫోటో, బొగ్గు, గుడ్డ, పలక, మైకా, అయిదు అయినాయి. ఆరోది తేవద్దు. విత్తనాలు, పూసలు, ఉదయగిరి కొయ్య గరిటెలు, ఇవన్నీ చూస్తే పెట్టాలనిపిస్తది. ప్రతిదానికీ ఇది ఇక్కడ ఏం చెప్తోంది అని అడుగు, జవాబు రాకపోతే తీసెయ్యి.

బ్యాక్‌గ్రౌండ్ సంగతి ఒక్క ముక్క, కొట్టు గోడ ఫోటోలో ఎట్టా ఉందో అట్టా పల్చటి బూడిద రంగులో వదిలెయ్యి, ఏమీ నింపకు.

ఖర్చు గురించి అడిగావు గానీ రేట్లు నేను చెప్తే నెలకే మారిపోతాయి. ప్లైవుడ్, గెస్సో, జెల్ మీడియం ఈ మూడింటికే డబ్బులు, మిగతావన్నీ అడిగితే దొరికేవి. నెల్లూరులో ఫెవిక్రిల్, కామ్లిన్ సరుకు స్టేషనరీ షాపుల్లో దొరుకుద్ది, జెల్ మీడియం లేదంటే చెన్నై ప్యారీస్ కార్నర్ బజారుకి పోయే ఎవరికైనా చెప్పి తెప్పించుకో. జెల్ మీడియం బదులు ఫెవికాల్‌తో ట్రాన్స్‌ఫర్ చేయొచ్చా అని అడుగుతారు అందరూ, వస్తది గానీ తడిపి రుద్దేటప్పుడు ఫెవికాల్ కూడా మెత్తబడి చుక్కలు లేచిపోతాయి, డబ్బులు మిగుల్చుకునే చోటు అది కాదు. ముందు చిన్న చెక్కముక్క మీద ఒక్క ముఖం దించి చూసుకో.

వార్నిష్ చివర్లో, మెరవని మ్యాట్‌ది, మెరిసే గ్లాసీది కాదు, ట్యూబ్‌లైటు కింద మెరిస్తే ముఖాలు కనపడవు. గుడ్డ, బొగ్గు ఉన్న చోట బ్రష్ పెట్టకు, స్ప్రే చెయ్యి, పలకకీ మైకాకీ అసలు వద్దు. నీకు నాలుగు నెలల టైముంది అన్నావు, ఇప్పుడు మొదలుపెడితే చివరి పని సరిగ్గా అక్టోబర్, నవంబర్ వానల్లో పడుద్ది, ఆ తేమలో వార్నిష్ కొడితే పాలు పోసినట్టు తెల్లగా మారిపోద్ది. కాబట్టి సంఘం వాళ్ళతో మాట్లాడి ప్రారంభం జనవరికి జరుపు, వాళ్ళు ఒప్పుకోకపోతే వార్నిష్ లేకుండానే పెట్టేసి సంక్రాంతి అయినాక దించి కొట్టుకో. స్కాన్ తీసినాక వెనక వరస దగ్గరగా కత్తిరించి ఒకటి పెట్టు, అందులో ఎవరి ముఖం ట్రాన్స్‌ఫర్‌కి నిలబడుద్దో ఎవరిది బొగ్గుకి వదిలెయ్యాలో చూసి చెప్తా.